పాదం మీద వేలు పెట్టి చూశారా?

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబు రాస్తూ, షుగర్ ఉన్నవాళ్లు చేతి నాడి చూపించుకున్నట్టే పాదం నాడి కూడా చూపించుకోవాలని రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, అచ్చంపేట, ఎక్కడి నుంచి వచ్చినా చాలా ఉత్తరాల్లో ఒకటే మాట: 'కాళ్ల నరాలు గుంజుతున్నాయి, నరాల బలహీనత అన్నారు, సూదులు వేయించుకున్నాం, తగ్గలేదు.' అందుకే ఈ నెల శీర్షిక మొత్తం కాళ్లకే ఇచ్చేశాను.

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. పత్తి చేను ఇంటికి కిలోమీటరు దూరం. ఇదివరకు ఆగకుండా పోయేవాడు. ఇప్పుడు దారిలో వేపచెట్టు దగ్గర ఆగి, రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ నడుస్తాడు, మళ్లీ బడి దగ్గర ఆగుతాడు. కుడి పిక్క పట్టేస్తుందంటాడు. షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది, బీడీలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని ఇంజెక్షన్లు ఇచ్చాడు. మన దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లందరికీ కాళ్ల నొప్పులే కదా అని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? – దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు చాలా బాగా గమనించారు. ఆ వేపచెట్టు, ఆ బడి, ఈ రెండూ చెప్పకపోయి ఉంటే నేను కూడా 'పరీక్షలు చేయించండి' అని రాసి ఊరుకునేవాణ్ని. నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే చాలు రెండు మూడు నిమిషాల్లో వదిలేయడం, మళ్లీ దాదాపు అంతే దూరం నడిచాక అదే చోట పట్టేయడం, ఇది నరాల బలహీనత లక్షణం కాదు. కాలికి మంచి రక్తం తీసుకెళ్లే గొట్టం ఇరుకైందని అనుమానించాల్సిన లక్షణం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వాడుకలో 'నరం' అనే ఒక్క మాటతో నాలుగైదు పనులు నడిపిస్తాం. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేది నరం, సూది వేసేటప్పుడు 'నరం దొరకలేదు' అంటాం. తిమ్మిరెక్కినా నరమే, మెడ పట్టేసినా నరమే, గుండెలో బ్లాక్ ఉందంటే అదీ 'గుండె నరాలు మూసుకుపోయాయి' అనే. నిజానికి ఇవన్నీ వేరువేరు. చెడు రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లేవి సిరలు, స్పర్శనూ కదలికనూ మోసేవి నాడులు (వేలికి తట్టే 'నాడి' వేరు, అది ధమని కొట్టుకోవడం), గుండె నుంచి మంచి రక్తాన్ని తెచ్చేవి ధమనులు. మీ నాయన గారి ఇబ్బంది ధమనిది అయితే, నాడులకిచ్చే బి-12 సూదులు ఎన్ని వేసినా పిక్కకు ఒక్క చుక్క రక్తం కూడా ఎక్కువ రాదు. మాట ఒకటే కావడం వల్ల మందు తప్పుతోంది, ఏళ్లు గడిచిపోతున్నాయి. నన్ను బాగా బాధపెట్టే సంగతి ఇది.

మీ జిల్లాలోనే సాగర్ ఎడమ కాలువ ఉంది కదా, దాన్ని తలచుకోండి. కాలువలో పూడిక పేరుకుంటే నీళ్లు మొత్తం ఆగిపోవు, తగ్గుతాయి. ఎవరికీ పెద్దగా నీళ్లు అక్కర్లేని రోజుల్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాట్లు మొదలై, అందరూ ఒకేసారి తూములెత్తాక, చివరి పొలాలకు నీళ్లందవు. ధమని లోపలి గోడకు కొవ్వు, సున్నం పేరుకుని దారి ఇరుకైతే ఇలాగే జరుగుతుంది. కూర్చున్నప్పుడు పిక్కకు ఆ కాస్త రక్తం సరిపోతుంది. నడిచేటప్పుడు పిక్క కండరానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి, అంత రాదు, అందుకే పట్టేస్తుంది, ఆగితే వదులుతుంది. సగానికి పైగా మూసుకుపోయేదాకా చాలామందికి ఏమీ తెలియదు కూడా. పిక్క నొప్పైతే అడ్డు ఎక్కువగా తొడ భాగంలో ఉంటుంది. తొడా పిరుదూ పట్టేస్తే అడ్డు ఇంకా పైన, పొత్తికడుపులో ఉంటుంది. అలాంటి మగవాళ్లలో కొందరికి దాంపత్య జీవితంలో కూడా ఇబ్బంది వస్తుంది, సిగ్గుపడి చెప్పరు, డాక్టరుకు మాత్రం చెప్పాలి.

ఫ్లోరైడ్ సంగతి. నల్లగొండలో దాన్ని కొట్టిపారేయలేం. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిప్పలేరు, నడుము వంగదు, వెన్నులోపల నాడుల దారి ఇరుకై కాళ్లు లాగుతాయి. అక్కడా నడిస్తే నొప్పి వస్తుంది, కానీ ఊరికే నిలబడితే పోదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ఆ ఇబ్బంది ఉన్న మనిషి సైకిల్ మాత్రం హాయిగా తొక్కుతాడు, ఎందుకంటే సైకిల్ మీద ముందుకు వంగే ఉంటాడు. మీ నాయన గారు చెట్టు కింద కూర్చుంటున్నారా, నిలబడుతున్నారా అన్నది అందుకే అంత ముఖ్యం. మీరు 'నిలబడి' అనే రాశారు. ఇక షుగర్ వల్ల నాడులు దెబ్బతింటే మంటలు, సూదులు గుచ్చినట్టుండటం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఉంటాయి. అవి నడకతో సంబంధం లేకుండా, రెండు పాదాల్లో, ఎక్కువగా రాత్రిపూట వస్తాయి. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లది ఇంకా ప్రమాదం, నాడులు మొద్దుబారి అసలు నొప్పే తెలియదు.

ఇప్పుడు ఇంట్లోనే ఒక పని చేయండి. నాయనను మంచం మీద పడుకోబెట్టి సాక్స్, చెప్పులు తీయించండి. రెండు కాళ్లూ పక్కపక్కన చూడండి. ఒక పాదం ఇంకోదానికంటే చల్లగా ఉందా? పిక్క సన్నబడిందా? పాదం మీద, వేళ్ల మీద వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తోందా? గోళ్లు మందంగా, పెరగకుండా ఉన్నాయా? తర్వాత పాదం పైభాగంలో, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య నుంచి వెనక్కి, పాదం మధ్యదాకా మీ మూడు వేళ్లు జరుపుకుంటూ వెళ్లండి. గట్టిగా నొక్కొద్దు, గట్టిగా నొక్కితే ఉన్న నాడి కూడా మూసుకుపోతుంది. పిల్లి మీద చెయ్యి వేసినంత తేలిగ్గా పెట్టి ఆగండి. తట్టినట్టు తెలుస్తుంది. రెండో చోటు, చీలమండ లోపలివైపు ఎముక వెనక గుంటలో. ఎడమ పాదంలో తట్టి, కుడి పాదంలో రెండు చోట్లా తట్టకపోతే, ఆ వారమే జిల్లా కేంద్రానికి తీసుకెళ్లండి.

అక్కడ అడగాల్సిన మొదటి పరీక్ష ఖరీదైంది కాదు. యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్, ఏబీఐ అంటారు. చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండ దగ్గర 84 వస్తే 0.6. మామూలుగా 1.0 నుంచి 1.4 మధ్య ఉండాలి, 0.9 లేదా అంతకంటే తక్కువైతే ధమని ఇరుకైనట్టే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో రక్తనాళం సున్నం పట్టి గట్టిపడి, లోపల అడ్డున్నా లెక్క బాగున్నట్టు, ఒక్కోసారి 1.4 కంటే ఎక్కువగా కూడా చూపిస్తుంది, అప్పుడు బొటనవేలి దగ్గర బీపీ చూడాలి. తర్వాత నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్. నాళాల లోపలి దారిని ఎక్స్‌రేలో చూపే యాంజియోగ్రామ్ అందరికీ అక్కర్లేదు, ఇరుకును లోపలి నుంచి వెడల్పు చేసే బెలూనో, ఆపరేషనో చేయాలనుకున్నప్పుడే దాని అవసరం. అందులో వాడే రంగు మందు కిడ్నీల మీద భారం వేస్తుంది కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడమని అడగండి.

ఇదంతా రాశాక ఒకటి చెప్పకపోతే తప్పు చేసినవాణ్నవుతాను. మీరు కాలు గురించి భయపడుతున్నారు, నేను మీ నాయన గారి గుండె గురించి భయపడుతున్నాను. పూడిక ఒక్క కాలువలో పేరుకోదు. కాలి ధమని ఇరుకైన మనిషికి గుండెలోనూ మెదడుకు వెళ్లే నాళాల్లోనూ అదే జరుగుతూ ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటివాళ్లలో కాలు పోగొట్టుకునేవాళ్ల కంటే గుండెపోటుతో, పక్షవాతంతో పోయేవాళ్లే ఎక్కువ. అందుకే కొలెస్ట్రాల్ రిపోర్టులో నార్మల్ అని ఉన్నా డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరినో క్లోపిడోగ్రెలో రాస్తారు, నొప్పి తగ్గగానే వాటిని ఆపేయకండి. నడక దూరం పెరగడానికి సిలోస్టజోల్ అనే మాత్ర కూడా ఉంది, కానీ గుండె పంపింగ్ తగ్గినవాళ్లు దాన్ని వాడకూడదు, మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదు. బీపీ, షుగర్ అదుపులో ఉండాలి. బీడీ పూర్తిగా మానాలి. 'బీడీ ఆకుతో చేసిందే కదా, సిగరెట్ అంత చెడ్డది కాదు' అని మన దగ్గర చాలామంది నమ్ముతారు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ పోవు లోపలికి.

ప్రశ్న: మా ఆయనకు కాలి రక్తనాళం 60 శాతం బ్లాక్ ఉందన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, రోజూ నడవమన్నారు. నడిస్తేనే కదా నొప్పి, మళ్లీ నడవమంటే ఎట్లా? నడిస్తే ఉన్న కాలు కూడా పాడవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది. – నకిరేకల్ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ సహజమే, కానీ ఆ డాక్టరు సరైన మాటే చెప్పారు. పాదం మీద పుండు లేకుండా, రాత్రి పడుకున్నప్పుడు పాదం నొప్పి లేకుండా ఉన్నంతకాలం నడకే మొదటి మందు. ఈ నొప్పి వల్ల కండరం చచ్చిపోదు.

ఎట్లా నడవాలో చాలామంది చెప్పరు, 'నడవండి' అని చెప్పి పంపించేస్తారు. చదునైన దారి చూసుకోండి. నొప్పి మొదలవగానే ఆగిపోకుండా, ఓర్చుకోగలిగినంత, అంటే నొప్పి గట్టిగా తెలిసేంత వరకు నడిచి ఆగాలి. పూర్తిగా వదిలేదాకా నిలబడాలి. మళ్లీ నడవాలి. ఆగిన సమయంతో కలిపి మొదట్లో అరగంట, పోనుపోను 45, 50 నిమిషాలు. వారానికి కనీసం మూడు రోజులు, కనీసం 12 వారాలు. మొదటి మూడు వారాలు ఏ తేడా కనిపించదు, అక్కడే మానేస్తారు అందరూ. పెద్ద కాలువ పూడితే నీళ్లు పిల్లకాలువలు వెతుక్కున్నట్టు, ఒంట్లో ఉన్న సన్న సన్న రక్తనాళాలు నెమ్మదిగా వెడల్పవుతాయి, కండరం కూడా ఉన్న రక్తంతోనే ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది. నడిచేటప్పుడు గుండెలో బరువు, ఆయాసం వస్తే మాత్రం ఆగి ముందు గుండె చూపించుకోవాలి.

మా దగ్గరికి ఒక గొర్ల కాపరి వచ్చేవాడు. 'గొర్లు ముందుకు పోతున్నయి సారూ, నేను ఎనకబడుతున్న' అన్నాడు మొదటిసారి. మందలో ఎప్పుడూ అన్నిటికంటే వెనక ఒక కుంటి గొర్రె ఉండేదట, దానితో సమానంగా కూడా నడవలేకపోతున్నానని చెప్పేటప్పుడు అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బీడీలు మానేశాడు, మాత్రలు వేసుకున్నాడు, నడక మాత్రం మానలేదు, ఆగుతూ నడిచాడు. నాలుగో నెలలో వచ్చినప్పుడు ఎంత దూరం నడుస్తున్నావని అడిగితే మీటర్లలో చెప్పలేదు. 'కుంటి గొర్రెను దాటిన' అన్నాడు.

ప్రశ్న: మాది టిఫిన్ సెంటర్, పొద్దున నాలుగింటి నుంచి నిలబడే ఉంటాను. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బాయి, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఇది కూడా రక్తం అందకపోవడమేనా? బిగుతు సాక్స్ వేసుకోమంటున్నారు. – మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా, మీది దాదాపు తలకిందులు. కాలికి రక్తం రావడంలో కాదు, తిరిగి పైకి వెళ్లడంలో ఇబ్బంది. వెరికోస్ వెయిన్స్ అంటారు. కాళ్లు ఎత్తి దిండు మీద పెట్టుకుంటే మీకు హాయిగా ఉంటుంది. ధమని బాగా మూసుకుపోయినవాళ్లకు కాలు ఎత్తితే నొప్పి ఎక్కువవుతుంది, కిందికి వేలాడదీస్తే తగ్గుతుంది. ఇంట్లో తేడా తెలుసుకోవడానికి ఇదొక గుర్తు. బిగుతు సాక్స్ మీలాంటివాళ్లకు మంచివే, కానీ కొనేముందు ఒకసారి పాదం నాడి చూపించుకోండి, ధమని బాగా ఇరుకైన కాలికి ఆ సాక్స్ వేస్తే వచ్చే కొద్ది రక్తమూ ఆగి పుండ్లు పడతాయి. మీకు షుగర్ ఉంటే ఇది మరీ ముఖ్యం.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ముంబైలో సెంట్రింగ్ పని. షుగర్ లేదు, బీపీ లేదు. ఆర్నెల్ల నుంచి నడిస్తే పాదం అడుగున నొప్పి, చలికి వేళ్లు తెల్లబడి తర్వాత నీలంగా అవుతున్నాయి. ఇప్పుడు కుడి కాలి రెండో వేలి కొస నల్లగా అయింది. రోజుకు రెండు కట్టలు బీడీలు తాగుతాను. ఈ వయసులో రక్తనాళాలు మూసుకుపోతాయా? – మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఈ పత్రిక నీ చేతికి వచ్చేలోపే నువ్వు ఆస్పత్రికి వెళ్లి ఉంటావని ఆశిస్తున్నాను. నల్లబడిన వేలు ఎదురుచూసే సంగతి కాదు.

మూసుకుపోతాయి, ఈ వయసులోనే మూసుకుపోయే ఒక జబ్బు ఉంది. 1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ అనే డాక్టరు దాన్ని వివరంగా రాశారు, ఆయన పేరుతోనే బర్గర్స్ డిసీజ్ అంటారు. పేరుకు తినే బర్గర్‌తో ఏ సంబంధమూ లేదు. పొగాకు వాడేవాళ్లకే వస్తుంది, ఎక్కువగా 45 లోపు మగవాళ్లకు. ఇందులో పేరుకునేది కొవ్వు కాదు. చేతుల్లో, కాళ్లలో ఉండే చిన్న, మధ్యరకం రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. పెద్దవాళ్లకు పిక్క పట్టేస్తే నీకు పాదమే ఎందుకు నొప్పి పెడుతోందో ఇప్పుడు అర్థమవుతుంది, అడ్డు అంత కింద ఉంది. నీది అదేనని నేను ఉత్తరం చూసి చెప్పలేను, గుండె నుంచి గడ్డలు వస్తున్నాయా, ఇంకేదైనా రక్త సంబంధమైన జబ్బు ఉందా అని చూసి, అవి లేవని తేలాకే డాక్టర్లు ఈ పేరు పెడతారు. కానీ నువ్వు రాసినవన్నీ అటే చూపిస్తున్నాయి.

కష్టమైన మాట చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఈ జబ్బుకు బీడీ మానడమే చికిత్స. మందులూ సూదులూ దానికి తోడు మాత్రమే. తగ్గించడం కాదు, రెండు కట్టల నుంచి రెండు బీడీలకు దిగినా జబ్బు ఆగదు, ఇందులో రోజుకు ఒకటి రెండు కూడా చాలు లోపల మంట రగులుతూ ఉండటానికి. జర్దా, గుట్కా, ఖైనీ నమిలినా అంతే. పుండు పడకముందే పూర్తిగా మానేసినవాళ్లలో కాలు తీసేయాల్సిన పరిస్థితి దాదాపు రాదు. మానకుండా తాగుతూ ఉన్నవాళ్లలో ముందు వేళ్లు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది భాగం, ఇట్లా ఒక్కొక్కటీ పోవడం నేను కళ్లారా చూశాను. ఈ జబ్బులో కింది నాళాలే మూసుకుపోతాయి కాబట్టి అడ్డును దాటించి రక్తం పంపే బైపాస్ నాళం కలపడానికి చాలాసార్లు చోటే ఉండదు, 'తర్వాత ఆపరేషన్ చేయించుకుంటాలే' అనుకునే వీలు లేదు.

సెంట్రింగ్ పనిలో పక్కవాళ్లందరూ తాగుతుంటే మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంటి నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ఆ బీడీయే తోడు. అందుకే ఒంటరిగా మానాలని చూడకు. పొగాకు ప్యాకెట్ల మీద 1800 11 2356 అని ఉండే నంబరు ఉచితం, ఫోన్ చేస్తే మానే దాకా మాట్లాడుతూ సాయం చేస్తారు. కొన్నాళ్లు ఊళ్లోనే ఉండి, వేలు మానాకే ముంబై బస్సెక్కు.

ప్రశ్న: మా అత్తమ్మకు 66 ఏళ్లు, షుగర్. మెట్టె ఒరుసుకుని కాలి వేలికి చిన్న పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు, ఇప్పుడు వేలు నల్లబడింది. రాత్రి పడుకోదు, మంచం మీద కూర్చుని కాలు కిందికి వేలాడేసుకుంటుంది. ఒక ఆస్పత్రిలో మోకాలి కింద వరకు తీసేయాలన్నారు. సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి? – నాగర్‌కర్నూల్ నుంచి ఒక కోడలు

జవాబు: మీ అత్తమ్మ రాత్రంతా కాలు ఎందుకు వేలాడేసుకుంటుందో ఇంట్లో ఎవరికీ అర్థమై ఉండదు. పడుకుంటే పాదానికి రక్తం అందక నొప్పి, కిందికి వదిలితే రక్తం తన బరువుకు తానే కాస్త దిగుతుంది, అందుకే ఆవిడ అలా కూర్చుంటోంది. అంటే నడవకుండా ఉన్నా సరిపోనంతగా రక్తం తగ్గిపోయిందని. ఇది ఆఖరి దశకు దగ్గర. రోజులు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి.

సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: 'ఈ కాలికి రక్తం ఎంత వస్తోందో చూశారా? డాప్లర్ గానీ యాంజియోగ్రామ్ గానీ చేశారా? బెలూన్‌తోనో బైపాస్‌తోనో రక్తం తెప్పించే వీలుందా?' రక్తనాళాల డాక్టరు చూసి వీల్లేదని చెబితే అది వేరే మాట. ఎవరూ చూడకుండానే తీసేద్దాం అంటే, ప్రాణాపాయం లేనప్పుడు ఇంకొకరి అభిప్రాయం తీసుకునే హక్కు మీకుంది. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది. రేషన్ కార్డు పట్టుకెళ్లండి, రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, మీ కేసుకు ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర చెబుతారు.

ఒక సంగతి మీకు ధైర్యాన్నిస్తుంది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టరు దగ్గరికి 82 ఏళ్ల ఆవిడ ఇలాగే వేళ్లు కుళ్లిన కాలితో వచ్చింది. కాలు తీయాలన్నారు, ఆవిడ ససేమిరా అంది. ఆయన తొడ దగ్గర నుంచి సన్నని గొట్టాలు పంపి ఇరుకైన చోటును లోపలి నుంచే వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది, నొప్పి పోయింది, ఆ తర్వాత బతికిన రెండున్నరేళ్లూ ఆవిడ తన కాళ్ల మీదే నడిచింది. గుండెకు బెలూన్ వేయడం 1977లో మొదలైంది, అంతకు పదమూడేళ్ల ముందే కాలికి ఈ పని జరిగింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. కానీ రక్తం తెప్పిస్తే, కొన్నిసార్లు మోకాలి దాకా తీయాల్సిన చోట ఒక్క వేలితో పోతుంది. రక్తం తెప్పించకుండా వేలు మాత్రం తీస్తే ఆ గాయం మానదు, మళ్లీ పైన తీయాలి, మళ్లీ ఇంకా పైన.

అయితే వేలు ఎండిపోయినట్టు నల్లగా ఉండటం వేరు, చీము, వాసన, జ్వరం, పాదం మీదికి ఎరుపు పాకడం వేరు. రెండోది ఉంటే ఇంకో అభిప్రాయం కోసం తిరుగుతూ రోజులు పోగొట్టొద్దు, విషం ఒంట్లోకి ఎక్కితే మనిషే పోతుంది. అప్పుడు కాలు తీయమన్న డాక్టరు ప్రాణం కాపాడుతున్నట్టే.

ఇంకో కాలు మిగిలి ఉంది కదా, దాన్ని చూసుకోండి. ఆ కాలి మెట్టె కూడా తీసేయించండి, సెంటిమెంట్ అని ఆవిడ ఒప్పుకోకపోతే గొలుసులో వేసి మెడలో వేసుకోమనండి. రోజూ రాత్రి వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి చూడండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టించొద్దు, హాట్ వాటర్ బ్యాగ్ వద్దు, ఆనెలను బ్లేడుతో కోయొద్దు. చెర్వుగట్టు మెట్లయినా, యాదగిరిగుట్ట ప్రదక్షిణమైనా, ఎండెక్కాక వట్టి కాళ్లతో వద్దు. ఆ బండల వేడి ఆవిడ పాదానికి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. తెల్లవారుజామున వెళ్లమనండి, గుళ్లోకి చెప్పులు ఎటూ రానివ్వరు కాబట్టి మందపాటి తెల్ల సాక్స్ వేయించండి. తెల్లవే ఎందుకంటే రక్తపు చుక్క, చీము మరక వెంటనే కనిపిస్తాయి.

ప్రశ్న: ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తాను. చెయ్యి పైకెత్తి పని చేస్తే ఎడమ చెయ్యి తొందరగా బరువెక్కి పడిపోతుంది. బీపీ చూస్తే కుడి చేతిలో 150, ఎడమ చేతిలో 116. మిషన్ తప్పా? – వనపర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మిషన్ తప్పు కాకపోవచ్చు. రెండుసార్లు, రెండు చేతులకూ మళ్లీ చూపించుకోండి. తేడా 15, 20కి మించి ప్రతిసారీ అదే చేతికి తగ్గుతుంటే, ఆ చేతికి వెళ్లే ధమని భుజం పైన ఇరుకైందని అనుమానించాలి. కాళ్లకొచ్చే జబ్బే ఇది, చేతికి రావడం తక్కువ, వస్తే ఎడమవైపే ఎక్కువ. ఎడమ చేతిలో 116 చూసి బీపీ లేదనుకోకండి, మీ అసలు బీపీ 150. ఇకముందు ఎప్పుడూ కుడి చేతికే చూడమనండి. పనిలో చెయ్యి ఎత్తినప్పుడు కళ్లు తిరగడం కూడా ఉంటే నిచ్చెన ఎక్కకండి, ముందు డాప్లర్ చేయించుకోండి.

ప్రశ్న: మా బాబాయికి గుండె దడ ఉంది, రక్తం పలచబడే మందు మధ్యలో ఆపేశాడు. ఒకరాత్రి ఉన్నట్టుండి ఎడమ కాలు చల్లబడి, మొద్దుబారి, కదపలేకపోయాడు. వాతం అనుకుని తెల్లారేదాకా వేడి నూనె రుద్దాం. హైదరాబాద్ వెళ్లేసరికి ఆలస్యమైందన్నారు, కాలు తీసేశారు. మా తప్పేనా? – అచ్చంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ తప్పు కాదు. ఎవరూ చెప్పని సంగతి మీకెలా తెలుస్తుంది? మీరు ఆయన పక్కనే కూర్చుని రాత్రంతా కాలు పట్టారు, చేతనైనంత చేశారు.

మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో గుండె లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కొట్టుకువచ్చి కాలి ధమనిలో ఇరుక్కోవచ్చు. అప్పుడు నెలల తరబడి నడక తగ్గడం లాంటిదేమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక కాలు లేదా చెయ్యి భరించలేని నొప్పి, పాలిపోవడం, చల్లబడటం, నాడి అందకపోవడం, తిమ్మిరి, తర్వాత కదలిక పోవడం. దాదాపు ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అచ్చంపేట నుంచి హైదరాబాద్ చేరడానికే రెండు మూడు గంటలు పోతాయి కాబట్టి, రాత్రి పదింటికి మొదలైతే పదింటికే 108కి ఫోన్ చేయాలి. నూనె రుద్దొద్దు, వేడి పెట్టొద్దు, కాలు ఎత్తి పెట్టొద్దు. సమయానికి వెళితే సన్నని గొట్టంతో ఆ గడ్డను లాగేయొచ్చు, 1963 నుంచి ఉన్న పద్ధతే అది. మీ బాబాయికి మళ్లీ గడ్డ రాకుండా ఆ మందు ఇప్పుడు ఇంకా ముఖ్యం, ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి.

ప్రశ్న: మీరు రాసింది చదివి పాదం మీద వేలు పెట్టి చూశాను. నాకు ఏమీ తట్టలేదు. 41 ఏళ్లు, పొగ అలవాటు లేదు, రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను, ఏ నొప్పీ లేదు. రెండు రోజులుగా నిద్ర లేదు. – సూర్యాపేట నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మీ నిద్ర పాడుచేసినందుకు బాధగా ఉంది. పాదం పైన ఉండే ఆ నాడి కొందరు ఆరోగ్యవంతులకు పుట్టుకతోనే చేతికి అందదు. అందుకే రెండు చోట్లు చూడాలని పైన రాశాను. చీలమండ లోపలివైపు ఎముక వెనక చూడండి, పాదాన్ని కాస్త లోపలికి తిప్పి వదులుగా ఉంచితే దొరుకుతుంది. ఐదు కిలోమీటర్లు ఆగకుండా నడిచే మనిషికి అక్కడ నాడి బాగా తడుతుంటే భయపడాల్సింది ఏమీ లేదు, ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఒకసారి చూపించండి చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల పాదాలూ చూడండి. నాడి దొరికిన చోట పెన్నుతో చిన్న చుక్క పెట్టుకోండి, ఆస్పత్రిలో మేమూ అదే చేస్తాం, మర్నాడు మళ్లీ వెతుక్కునే పని ఉండదు.